చుక్కల కాగితం

నాకు భయం వేస్తే మొదట పెదవులు ఎండిపోతాయి. ట్రంపెట్ వాయించేవాళ్లకు ఇంతకంటే దరిద్రం ఇంకోటి లేదు. డ్రమ్ము వాయించేవాడు భయపడితే చేతులు వణుకుతాయి. వణికినా డ్రమ్ము మోగుతుంది. ట్రంపెట్ అలా కాదు, పెదవులు తడిగా ఉండాలి, బిగించి ఊదాలి, అప్పుడే అది పలుకుతుంది. లేకపోతే తుస్సుమంటుంది, చూసేవాళ్లు నవ్వుతారు.

మాది బోరబండలో సర్కారు బడి. నేను తొమ్మిదో తరగతి, పేరు సంధ్య. మా బడికి బ్యాండు ఎలా వచ్చిందంటే, హైటెక్ సిటీలో ఒక కంపెనీ వాళ్లు పెట్టెలు పంపారు. వాటిలో డ్రమ్ములు, ఫ్లూట్లు, ఒకే ఒక్క ట్రంపెట్, వాటితో పాటు ఒక కట్ట కాగితాలు ఉన్నాయి. ఆ కంపెనీలోనే ఉద్యోగం చేసే యశ్వంత్ సార్ శనివారాలు వచ్చి నేర్పుతారు. ఆయనది కాకినాడ వైపు. కోపం వచ్చినా మమ్మల్ని ‘అండి’ అనే తిడతారు, దాంతో తిట్టినట్టే ఉండదు.

ఆ కాగితాలను సార్ షీట్ మ్యూజిక్ అంటారు. మేం చుక్కల కాగితం అంటాం. అయిదేసి గీతలు, ఆ గీతల మీదా మధ్యలోనా నల్ల చుక్కలు, చుక్కలకు తోకలు. వాటిని చూస్తే నాకు మొదటి రోజు నుంచీ బెదురే. లెక్కలన్నా బెదురే గానీ అక్కడ కనీసం అంకెలు తెలిసినవి. అందుకని అందరం ఒక ఉపాయం చేశాం. సార్ వాయించి చూపిస్తుంటే ఒక్కో చుక్క కిందా తెలుగులో స, రి, గ, మ అని రాసేసుకున్నాం. ఇక చుక్కలు ఎవరికి కావాలి? నా కళ్లు నేరుగా అక్షరాల మీదికే పోయేవి.

“అలా అక్షరాలు చూసి వాయిస్తే జన్మలో నోట్స్ రావండి మీకు” అని సార్ తల పట్టుకునేవారు. ఒకరోజు నా పక్కన కూర్చుని వేలు పెట్టి మరీ చూపించారు. “ఇదిగో సంధ్యా, అయిదు గీతల కింద, తన చిన్న గీత తనే గీసుకుని విడిగా కూర్చుంది చూశావా, అది స. కింద నుంచి రెండో గీత మీదికి ఎక్కి కూర్చుందే, అది ప. ఈ రెండూ గుర్తుంటే మిగతావి మెట్లెక్కినట్టే వచ్చేస్తాయి.”

నేను తల ఊపాను. అర్థం కాకుండా తల ఊపడంలో మా బడిలో నన్ను మించినవాళ్లు లేరు.

కంపెనీ వాళ్ల పండగ రోజున మా బ్యాండు వాళ్ల ఆఫీసులోనే వాయించాలని నిర్ణయించారు. పాట మొదలు నాది. రెండు వరసలు నేను ఒక్కదాన్నే ఊదాలి, ఆ తర్వాతే డ్రమ్ములు, ఫ్లూట్లు అందుకుంటాయి. మా అమ్మను పిలిస్తే సందు చివరిదాకా వినపడే గొంతు నాది, ఆ ఊపిరి చూసే సార్ నాకు ట్రంపెట్ ఇచ్చారు. అది చేతికి వచ్చాకే సంధ్య అనే పిల్ల ఒకతి ఉందని బడిలో తెలిసింది. అంతకుముందు హాజరు పిలిచేటప్పుడు తప్ప నా పేరు ఎవరి నోటా వినలేదు.

పోయిన శనివారం హెడ్మాస్టరు ముందు వాయించి చూపించాం. నోటికి వచ్చు కదా అని నేను పొగరుగా కాగితం తీయనే లేదు. సార్ చెయ్యి ఎత్తారు. అంతే, బుర్రలో ఉన్నదంతా ఎవరో చీపురు పెట్టి ఊడ్చేసినట్టయింది. ఏ స్వరంతో మొదలవుతుందో కూడా తెలియలేదు. నేను ఆగితే వెనక అందరూ ఆగారు. ఫ్లూటు వాయించే దినేశ్ కిసుక్కున నవ్వాడు. వాడికి ట్రంపెట్ మీద ఎప్పటి నుంచో కన్ను. నేను నీళ్లు తాగడానికి వెళ్తే చాలు, తీసి ఊదుతుంటాడు, పైగా బాగానే ఊదుతాడు.

“ఈసారి కూడా ఆగిపోతే ట్రంపెట్ దినేశ్‌కి ఇవ్వాల్సి వస్తుందమ్మా. కోపంతో కాదు. మొదలుపెట్టేవాళ్లు ఆగితే అందరూ మునుగుతారు. కాగితం ఎదురుగా పెట్టుకో, చూసి వాయించు” అన్నారు సార్.

ఆ వారమంతా నేను కాగితాన్ని ప్రాణంగా చూసుకున్నాను. అందులో అక్షరాలు ఉన్నంతసేపూ నాకు ధైర్యం ఉంది. బుర్ర ఖాళీ అయినా కాగితం ఖాళీ అవదు కదా అనుకున్నాను.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. పండగకు ముందు రోజు సాయంత్రం ఆ కాగితాన్ని తీసుకెళ్లి పొయ్యి పక్కన పరచుకుని కూర్చున్నాను. మాది ఒకటే గది. వంటా అక్కడే, చదువూ అక్కడే. అమ్మ పేరు రుక్కమ్మ, మేం వాయించబోయే ఆ కంపెనీ బిల్డింగులోనే హౌస్‌కీపింగు చేస్తుంది. డ్యూటీ దిగి వచ్చి అన్నం వండింది. గంజి వారుస్తుంటే మూత జారింది. గంజి అంతా నా కాగితం మీద పడింది.

చుక్కలు జిరాక్సువి కాబట్టి కదల్లేదు. నేను జెల్ పెన్నుతో రాసుకున్న అక్షరాలు మాత్రం నా కళ్ల ముందే నీలంగా కరిగి, కారి, ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. లాగబోతే కాగితం మధ్యకు చిరిగింది.

“కండ్లు లేవా నీకు? గింత పెద్ద కాగితం కనవడ్తలేదా?” అని అరిచాను. నా గొంతు సంగతి చెప్పాను కదా, సందంతా విన్నది.

కంగారు పడితే అమ్మ బొటనవేలు, చూపుడువేలు ఒకదానికొకటి రాస్తుంది, చిటికెలో ముగ్గుపిండి పట్టుకున్నట్టు. అలా రాస్తూ, “ఆరవెడ్త బిడ్డా, జర ఆగు. ఫికర్ చెయ్యకు” అంది. నాకు ఇంకా మండింది. అన్నం తినకుండా గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చి ఏడ్చి నిద్రపోయాను.

పొద్దున లేచేసరికి అమ్మ మొదటి షిఫ్టుకు వెళ్లిపోయింది. మా నాయన మొగిలి, కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. రాత్రి డ్యూటీ దిగి అప్పుడే వచ్చి గడపలో కూర్చుని ఉన్నాడు. ప్లాస్టిక్ కవరు ఒకటి నా చేతికి ఇచ్చాడు.

“మీ అమ్మ రాసింది. మలవకు, ముడతలు వడ్తయ్.”

కవరు లోంచే చూశాను. తెల్ల కాగితం మీద అయిదేసి గీతలు, నా కంపాస్ పెట్టెలోని స్కేలుతో గీసినవి. గీతల మీద చుక్కలు, కింద అక్షరాలు. అమ్మయ్య అనుకున్నాను. కోపం ఇంకా పూర్తిగా పోలేదు కాబట్టి అంతకంటే చూడలేదు. సంచిలో పెట్టుకుని బడికి పరుగెత్తాను.

బస్సులో అందరూ పాటలు పాడారు. నేను ట్రంపెట్ పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆ బిల్డింగు దగ్గర దిగి పైకి చూస్తే మెడ నొప్పి పుట్టింది. గేటు దగ్గర మా మెడల్లో విజిటర్ కార్డులు వేశారు. లోపల చలి. అమ్మ రోజూ ఈ చలిలోనే పని చేస్తుందా అనిపించింది. మమ్మల్ని అద్దాల గదిలో కూర్చోబెట్టారు. బయట తిరిగేవాళ్లు ఆగి ఆగి మమ్మల్ని చూసి వెళ్తున్నారు.

నేను కవరు లోంచి కాగితం తీసి ఒళ్లో పెట్టుకున్నాను. మొదటి చుక్క కింద ‘ప’ అని ఉంది. రెండో చుక్క కింద ‘ప’. మూడో దాని కింద కూడా ‘ప’. వరస చివరిదాకా చూశాను, అన్నీ ‘ప’లే.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. నా పాట మొదటి రెండు వరసల్లో ఉన్నవి రెండే స్వరాలు, స, ప. అవే అటూ ఇటూ మారుతుంటాయి. తెలుగులో ఆ రెండు అక్షరాలకూ తేడా ఎంత? స కు కుడివైపు ఒక చిన్న తోక ఉంటుంది, ప కు ఉండదు. గంజిలో ఆ తోకలన్నీ కరిగిపోయాయి. అయిదో తరగతితో చదువు ఆపేసిన మా అమ్మ తనకు కనపడింది కనపడినట్టు రాసింది. స ఏదో, ప ఏదో ఆ దేవుడికే తెలియాలి.

వేళ్లు గుర్తుంచుకుంటాయిలే అనుకోవడానికీ లేదు. ట్రంపెట్‌కు మూడు బటన్లు ఉంటాయి. రి కి ఒకలా, గ కు ఒకలా నొక్కాలి. స కూ, ప కూ మాత్రం ఏ బటనూ నొక్కనక్కర్లేదు. తేడా అంతా పెదవులు ఎంత బిగిస్తామన్న దాంట్లోనే ఉంది. మనసులో పాడుకుని చూశాను. స తో మొదలుపెట్టినా బాగుంది, ప తో మొదలుపెట్టినా బాగుంది. ఆ రెండూ అన్నదమ్ముల్లాంటివి, ఒకటి ఉన్నచోట ఇంకోటి వచ్చినా చెవికి వెంటనే తప్పనిపించదు. వెనక ఫ్లూట్లు అందుకున్నప్పుడే అసలు బండారం బయటపడుతుంది. అప్పుడిక చేసేదేమీ ఉండదు.

“దినేశ్, నా పార్టు మొదలు ఎట్లుంటదిరా? స నా, ప నా?” గుసగుసగా అడిగాను.

“నాకేం ఎరుక? నా కాగితంల ఆడ అంతా ఖాళీయే. నువ్వు ఊదినంక నేను అందుకోవాలె.” వాడు నా ముఖం చూశాడు. “ఏంది, మల్ల మర్చిపోయినవా? ఇయ్యి, సార్‌ని అడిగి నేను ఊదుత.”

వాడు చెయ్యి చాచాడు. నిజం చెప్పాలంటే ఒక్క క్షణం ఇచ్చేద్దామనిపించింది. ఇచ్చేస్తే ఈ భయం ఇక్కడితో పోతుంది. కానీ రేపటి నుంచి నేను మళ్లీ హాజరు పట్టీలో పేరునే. పెట్టెను గట్టిగా పట్టుకుని, “జరుగు ఆడికి” అన్నాను.

సార్‌ను అడగొచ్చు. అడిగితే ముందు కాగితం చూస్తారు, తర్వాత నన్ను చూస్తారు, ఆ తర్వాత దినేశ్‌ను పిలుస్తారు. ఇంకో కాగితం ఇచ్చినా అందులో అక్షరాలు ఉండవు, ఒట్టి చుక్కలే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నాలుకతో పెదవులు తడుపుకుంటే నాలుకే ఎండిపోయి ఉంది.

ఇంతలో తలుపు తీసి, “రండి పిల్లలూ” అన్నారు ఎవరో మేడం.

మేం నిలబడాల్సిన చోటు ఆ బిల్డింగు నడిమధ్యన ఉంది. చుట్టూ అంతస్తు మీద అంతస్తు, ప్రతి అంతస్తులోనూ కమ్మీలకు ఆనుకుని మనుషులు, మెడల్లో కార్డులు, చేతుల్లో ఫోన్లు. అందరూ కిందకే చూస్తున్నారు. నా ముందు స్టాండు పెట్టారు. కాగితాన్ని దాని మీద పెట్టాను. జారింది, మళ్లీ పెట్టాను. పైన ఎవరో నవ్వారు. నన్ను చూసే నవ్వారో లేదో తెలియదు గానీ నన్ను చూసే అనుకున్నాను.

సార్ చెయ్యి ఎత్తారు.

అంతా నిశ్శబ్దం అయింది. ఆ నిశ్శబ్దం నాది. దాన్ని నేనే తెంచాలి. ట్రంపెట్‌ను పెదవులకు ఆనించాను, ఇత్తడి చల్లగా తగిలింది. బుర్రలోకి చూసుకుంటే హెడ్మాస్టరు ముందు ఎలా ఉందో అలాగే ఉంది, ఊడ్చేసిన గదిలా. కాగితం చూస్తే ప, ప, ప. సార్ కనుబొమలు పైకి లేచాయి. ఆయన చూపు మెల్లగా దినేశ్ వైపు వెళ్లడం నాకు కనపడింది.

ఏడుపు వచ్చేసింది. కళ్లు పక్కకు తిప్పుకున్నాను. అక్కడ, లావుపాటి స్తంభం పక్కన, నీలం యూనిఫారంలో అమ్మ నిలబడి ఉంది. ఒక చేత్తో మాప్ కర్ర పట్టుకుంది. రెండో చెయ్యి కిందికి వేలాడుతోంది, ఆ చేతి బొటనవేలూ చూపుడువేలూ ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. ఆమె నన్ను చూడటం లేదు, స్టాండు మీద కాగితాన్నే చూస్తోంది.

ముగ్గు. మా అమ్మ ముగ్గు వేస్తే సందులో వాళ్లంతా ఆగి చూస్తారు. ముందు చుక్కలన్నీ పెట్టాకే గీత ముట్టుకుంటుంది. చిన్నప్పుడు నేను ఒక చుక్క పక్కకు పెడితే చెయ్యి పట్టుకుని దాన్ని చెరిపించింది. “సుక్క తప్పితే ముగ్గు మొత్తం పోతది” అంది.

నేను కాగితం వైపు తిరిగాను. ఈసారి అక్షరాల మీద కాదు, వాటి పైన చూశాను. మొదటి చుక్క. అయిదు గీతల కింద, తన చిన్న గీత తనే గీసుకుని విడిగా కూర్చుంది. ఈ మాట ఎక్కడో విన్నాను. విడిగా కూర్చున్నది స. రెండోది కూడా విడిగానే ఉంది. మూడోది రెండో గీత మీదికి ఎక్కింది. గీత సరిగ్గా దాని నడుం మీదుగా పోతోంది, ఇటు వెంట్రుకంత లేదు, అటు వెంట్రుకంత లేదు. అది ప.

ఊదాను. మొదటి స గాలిగానే వచ్చింది, సగం తుస్సు, సగం స్వరం. రెండోది పలికింది. మూడోది పగిలింది. పైన ఎవరో ‘అయ్యో’ అన్నారు. నేను చూడలేదు. చూస్తే చచ్చినట్టే. చుక్క తర్వాత చుక్క, కిందదా పైదా, కిందదా పైదా, అంతే. చెమట కంట్లోకి కారి మండుతోంది. రెండో వరస చివరి చుక్క దగ్గర నాకు అన్నింటికంటే ఎక్కువ భయం వేసింది. ఇప్పుడు ఫ్లూట్లు అందుకుంటాయి. ఇంతవరకూ నేను ఊదింది తప్పయితే లోకానికి తెలిసేది ఇప్పుడే.

డ్రమ్ము మోగింది. దినేశ్, వాడి పక్కవాళ్లు ఫ్లూట్లు ఎత్తారు.

కలిసింది.

తర్వాత పాటంతా ఎలా అయిందో నాకు గుర్తులేదు. చప్పట్లు కొట్టారు, ఫొటోలు తీశారు. ఎవరో మేడం నా బుగ్గ గిల్లింది. సార్ నా దగ్గరికి వచ్చి స్టాండు మీద కాగితం తీసి చూశారు.

“అక్షరాలన్నీ ఒకటే ఉన్నాయేంటి? ఏం చూసి వాయించావమ్మా నువ్వు?”

“చుక్కలు సార్.”

ఆయన నన్నూ, కాగితాన్నీ మార్చి మార్చి చూశారు. “మూడో నోటు పగిలింది. శనివారానికి సరిచేసుకుని రా. ట్రంపెట్ ఇంటికి తీసుకెళ్లు” అన్నారు. దినేశ్ నేల చూపులు చూశాడు. వాణ్ణి ఏడిపించడానికి చక్కటి అవకాశం. నాకు ఓపిక లేదు.

బస్సు ఎక్కేముందు సామాన్ల లిఫ్టు దగ్గరికి పరుగెత్తాను. అమ్మ అక్కడే బకెట్టు పక్కన నిలబడి ఉంది. నా చెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి నా చేతికంటే చల్లగా ఉంది.

“మస్తు సేపు సప్పుడే రాకపాయె. నా పానం పోయింది బిడ్డా” అంది. తర్వాత మెల్లగా అడిగింది. “కాగితం మంచిగుండెనా?”

“మంచిగుండె. అక్షరాలు మంచిగ రాసినవ్ అమ్మా.”

అమ్మ నవ్వింది. “అబద్దాలాడకు. అక్షరాలన్నీ గంజిల కలిసిపోయినయ్. ఏది ఏందో నాకు సమజ్ కాలే, అన్నీ ఒక్కతీరుగ కనవడితే గట్లనే రాసిన. అవి నాకు యాడొస్తయ్? అందుకే సుక్కలన్న తప్పుపోవద్దని ఒక్కోటి సూసి సూసి పెట్టిన. పొద్దుగాల దాంక కండ్లు గుంజినయ్.”

లోపలి నుంచి సూపర్‌వైజరు “రుక్కమ్మా!” అని కేకేశాడు. అమ్మ బకెట్టు ఎత్తుకుని, మాప్ కర్ర భుజానికి ఆనించుకుని, వెళ్తూ వెళ్తూ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ఆమె కళ్లు మందారాల్లా ఎర్రగా ఉన్నాయి.

కళ్లు లేవా నీకు అని నిన్న సందంతా వినేలా అరిచిన నోరు నాది. ఇప్పుడు ఆ నోరు తెరిచాను. పెదవులు మళ్లీ ఎండిపోయి ఉన్నాయి.